వివాహ వేడుకలో నిరాడంబరత – ఒక ఛాయాగ్రాహకుని పరిశీలన

వివాహము రెండు జీవితములను, రెండు కుటుంబములను కలుపు శుభకార్యము. దానిని అందముగా జరుపుకొనవలెనను కోరిక సహజమైనది; అందులో దోషమేమియు లేదు. అయితే అందమునకు ధనమే మూలమనియు, ఎంత ఖర్చు చేసిన అంత శోభ కలుగుననియు మన సమాజములో ఒక నమ్మకము బలపడినది. ఈ నమ్మకము ఎంతవరకు నిజము? ఈ విషయమున మతపెద్దలు, ఆర్థికవేత్తలు మాత్రమేగాక, కెమెరా పట్టుకొని వేదిక ప్రక్కన నిలబడు ఛాయాగ్రాహకుడు కూడ కొంత సాక్ష్యము చెప్పగలడు. ఏలయనగా పెండ్లి ముగిసిన పిదప ఏమి మిగులునో అతనికి తెలియును. పందిరి విప్పుదురు; పువ్వులు వాడిపోవును; విందు ఒక పూటతో తీరును. మిగులునవి తరచుగా రెండే: చిత్రములు, అప్పులు. మొదటివి చక్కగా నుండుటకు రెండవవి అవసరము లేదని చూపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

ఛాయాచిత్రకళ – మన నేల

ఫ్రాన్సు దేశమునకు చెందిన డాగెర్ కనుగొన్న పద్ధతి 1839లో పారిస్ నగరమున లోకమునకు వెల్లడి అయినది. ఆ కళ మన దక్కనులో వేళ్లూనుటకు కారకులైన వారిలో రాజా దీన్‌దయాళ్ (1844–1905) ముఖ్యులు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకులుగా వారు ప్రసిద్ధి పొందిరి. పరదా పాటించు స్త్రీల కొరకు హైదరాబాదులో 1892లో వారు ఒక జనానా స్టూడియోను నెలకొల్పి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించిరి. మర్యాదకు భంగము లేకుండ కళను ఇంటింటికి చేర్చవచ్చునని ఆ ఏర్పాటు నిరూపించినది.

తరువాతి కాలములో పట్టణములలోని చిన్న స్టూడియోలు పెండ్లి చిత్రములకు ఆధారమైనవి. నాడు వాడుకలోనుండిన 120 సైజు ఫిల్ములో చదరపు చిత్రములు పన్నెండు మాత్రమే వచ్చెడివి. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో ముప్పదియారు. ఉదకమండలములోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ ఫిల్ము ఎందరికో పరిచితము. రెండు మూడు రీళ్లతో పెండ్లియంతయు ముగించవలసి వచ్చినందున, మీట నొక్కుటకు ముందు ఛాయాగ్రాహకుడు ఆలోచించెడివాడు. ఏ ముఖము ముఖ్యము? ఏ క్షణము తిరిగి రాదు? నేడు డిజిటల్ కెమెరాతో ఒకే రాత్రి వేల చిత్రములు తీయవచ్చును. కాని పది సంవత్సరముల తరువాత కుటుంబము తిరిగి తిరిగి చూచుకొను చిత్రములు ఆ పాత రీళ్లలో ఇమిడిపోవునన్నియే ఉండును. సాధనము పెరిగినది గాని మనసునకు పట్టు చిత్రముల సంఖ్య పెరుగలేదు.

వెలుగే నిజమైన అలంకారము

‘ఫోటోగ్రఫీ’ అను పదమునకు గ్రీకు మూలములలో ‘వెలుగుతో వ్రాయుట’ అని అర్థము. కనుక చిత్రమునకు మొదటి అలంకారము వెలుగే. మంచి వెలుగును దేవుడు ఉచితముగా ప్రసాదించినాడు. మధ్యాహ్నపు ఎండ నిటారుగా పడి కనుల క్రింద నల్లని నీడలు కల్పించును. అసర్ నమాజు వేళకు సూర్యుడు క్రిందికి దిగి, కిరణములు ఏటవాలుగా ప్రసరించి, ముఖములకు మృదుత్వము కలుగును. ఇంటి వరండా, ఉత్తరపు కిటికీ, వేపచెట్టు నీడ — ఇవి ఏ అలంకరణ వ్యాపారియు అద్దెకీయలేని స్టూడియోలు.

భౌతికశాస్త్ర విద్యార్థులకు ఇచ్చట రెండు విషయములు ఆసక్తికరముగా నుండును. మొదటిది వర్ణ ఉష్ణోగ్రత. పగటి వెలుగు సుమారు 5500 కెల్విన్ కాగా, పాతకాలపు తీగ బల్బు వెలుగు 2700 నుండి 3000 కెల్విన్ వరకు ఉండును. ఒకే ముఖముపై రెండు రకముల వెలుగు పడినపుడు ఒక చెంప నీలముగను, మరొక చెంప పసుపుగను కనిపించును. ఊదా, ఆకుపచ్చ రంగు దీపములు పడిన ముఖమునకు సహజ వర్ణమును తిరిగి తెచ్చుట మరింత కష్టము. ఆ వెలుగులో లేని రంగును కెమెరా ఎక్కడినుండి తెచ్చును? వేల రూపాయలు పోసి అమర్చిన ఈ దీపములే వధువు ముఖమును పాడుచేయుట నేను పలుమార్లు చూచితిని.

రెండవది విలోమ వర్గ నియమము. చిన్న దీపమునుండి దూరము రెట్టింపైన, ముఖముపై పడు వెలుగు నాలుగవ వంతునకు తగ్గును. కనుక వేదిక పెద్దదైన కొలది పెద్ద దీపములు కావలెను. వాటికి జనరేటరు, దానికి డీజిలు, దానికి మనిషి. చిన్న ముంగిటిలో పగటిపూట జరుగు నికాహ్‌కు ఇవేవియు అక్కరలేదు. ఆడంబరము ఒక ఖర్చుతో ఆగదనుటకు ఇంతకంటె సులభమైన నిదర్శనము లేదు.

వెనుక తెర, వస్త్రములు, పువ్వులు

సొగసు అనగా ఎక్కువ వస్తువులుండుట కాదు. ఉన్నవి ఒకదానితో నొకటి పొందిక కలిగియుండుట. చిత్రములో కన్ను ముందుగా వెలుగు ఎక్కువగా నున్న చోటికి పోవును. వధూవరుల వెనుక మిణుకు దీపములు, అద్దాల తోరణములు, కాగితపు పూలగోడలు ఉన్నచో కన్ను వాటికే పోవును. సున్నము వేసిన తెల్లని గోడయో, ఒకే రంగు పరదాయో ఉన్నచో ముఖమే ప్రధానమగును.

వస్త్రముల విషయమును ఇట్లే ఆలోచింపవచ్చును. మెరుపు బిళ్లలు కుట్టిన దుస్తులు ఫ్లాషు వెలుగును తిప్పికొట్టి చిత్రమంతట తెల్లని మచ్చలు కల్పించును. చేనేత బట్ట వెలుగును ఇముడ్చుకొని తన రంగును నిలుపుకొనును. నూలు నేతకు పట్టు అంచు గల గద్వాల చీర, సన్నని జరీ అంచు మంగళగిరి నేత, పోచంపల్లి ఇక్కత్ — ఇవి మన నేతకాండ్ర చేతిపని. వరునికి సాదా షేర్వాణీ చాలును. హైదరాబాదు ఖడా దుపట్టా తరతరములుగా ఇంటిలో దాచిన పాతదైనను దాని ఠీవి తగ్గదు. పైగా నానమ్మ ధరించిన దుపట్టాను మనుమరాలు ధరించిన చిత్రమునకు వెల కట్టలేము. పువ్వులు ఆ ఋతువులో మన ఊరిలో పూచునవే చాలును. సెహ్రా సంప్రదాయమును వదలనక్కరలేదు. ఖబూల్ చెప్పు సమయమున దానిని కొంచెము ప్రక్కకు తొలగించిన వరుని ముఖము దక్కును.

ఖర్చు లేని ఘట్టములు

నికాహ్ స్వభావరీత్యా సరళమైనది. ప్రతిపాదన, అంగీకారము, ఇద్దరు సాక్షులు, మహర్ నిర్ణయము, ఖుత్బా — ఇంతియే దాని స్వరూపము. ఛాయాగ్రాహకునకు ఉత్తమ చిత్రములు దొరకునది ఈ ఘట్టములలోనే. వకీలు, సాక్షులు వధువు వద్దకు పోయి అంగీకారము అడిగినపుడు గదిలో అలముకొను నిశ్శబ్దము. మన ప్రాంతములో సియాహనామా అని పిలుచు వివాహపత్రముపై సంతకము చేయునప్పటి వ్రేళ్ల వణుకు. ఖబూల్ చెప్పినంతనే ఒకరినొకరు కౌగిలించుకొను పెద్దలు. పంచిన ఖర్జూరములకై చేతులు చాచు పిల్లలు. జల్వా సమయమున అద్దములో మొదటిసారి కలియు చూపులు. రుఖ్సతీ వేళ గుమ్మములో నిలిచిపోయిన తల్లి. వీటిలో ఏ ఒక్కదానికిని రూపాయి ఖర్చు లేదు.

మన హిందూ సోదరుల పెండ్లిండ్లలోను ఇదే సత్యము కనిపించును. జీలకర్ర బెల్లము పెట్టునపుడు తెర తొలగిన క్షణము, తలంబ్రాల నవ్వులు — ఆ చిత్రములను మించినవి ఏ ఖరీదైన వేదికపైనను రావు.

తండ్రి లేని ఆల్బమ్

ఇచ్చట ఒక స్వానుభవమును చెప్పుట అవసరము. కొన్ని సంవత్సరముల క్రితము ఒక పెద్ద శాదీఖానాలో జరిగిన పెండ్లికి నేను చిత్రములు తీసితిని. వేదిక మహాభవనమువలె ఉన్నది. వంటకములు లెక్కకు మిక్కిలి. విందు అర్ధరాత్రి దాటి సాగినది. నెల రోజుల పిదప వధువు తన భర్తతో స్టూడియోకు వచ్చి, ఆల్బమ్‌ను మొదటినుండి చివరివరకు రెండుసార్లు త్రిప్పి, “భాయ్‌జాన్, ఇందులో మా అబ్బా ఏరీ?” అని అడిగినది.

నేను వెదకితిని. మూడు వందలకు పైగా చిత్రములలో ఆ తండ్రి ఒకే ఒక దానిలో ఉన్నారు. అదియును వీపు మాత్రమే. ఆ రాత్రియంతయు వారు అలంకరణ చేసినవారితో బాకీ విషయము మాటలాడుచు, జనరేటరు వద్దకు పరుగెత్తుచు, వంటశాలలో మాంసము చాలునో చాలదో అని చూచుచు గడపిరి. కుమార్తె పెండ్లికి డబ్బు తెచ్చినవారు వారే. ఆ పెండ్లిని చూడనివారును వారే. తప్పులో నాకును భాగమున్నది. నేను వేదికను చిత్రించితినిగాని ఇంటిని చిత్రింపలేదు.

మరియొక పెండ్లి ఒక చిన్న పట్టణములోని మసీదులో అసర్ తరువాత జరిగినది. అరువదిమంది బంధువులు, ఖర్జూరములు, షర్బత్, మరునాడు వరుని ఇంట బిర్యానీ, ఖుబానీ కా మీఠా మాత్రముతో వలీమా. నేను ఇచ్చినవి నలుబది చిత్రములు. అందులో ఒకటి — రుఖ్సతీకి ముందు వేపచెట్టు క్రింద తండ్రి కుమార్తె తలపై చేయివేసి దుఆ చేయుచున్నది. ఆయనకు వేరొక పని లేదు, తొందర లేదు. అందుచేతనే ఆ చిత్రము లభించినది. నిరాడంబరత వలన మిగులునది డబ్బు మాత్రమే కాదు, తీరిక కూడ.

ధర్మము, చట్టము

ఖర్చు తక్కువైన నికాహ్‌లో బర్కత్ ఎక్కువ అని మన పెద్దలు బోధించుచుందురు. ఒక గొర్రెతోనైనను వలీమా చేయుమని ప్రవక్త అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్‌కు చెప్పిరని హదీసు గ్రంథములలో ఉన్నది. ఇస్లాములో మహర్ వరుడు వధువునకు ఇయ్యవలసినది. అట్టిచో వధువు ఇంటినుండి ‘జోడేకీ రఖం’ పేర సొమ్ము పుచ్చుకొనుట ఆ ధర్మమును తలక్రిందులు చేయుటయే గదా! వరకట్న నిషేధ చట్టము 1961 జులై 1 నుండి అమలులోనున్నది. ముస్లిములకు వర్తించు మహర్‌ను ఆ చట్టము కట్నముగా పరిగణింపదు. కట్నము ఇచ్చుట, పుచ్చుకొనుట రెండును నేరములే. 1986 సవరణ ప్రకారము శిక్ష సాధారణముగా ఐదు సంవత్సరములకు తగ్గని కారాగారము. ఆడంబరమైన పెండ్లియు ఒక విధముగా కట్నమే; పేరు మాత్రము మారినది.

ఛాయాగ్రాహకుని మర్యాద

చిత్రము తీయుట ఛాయాగ్రాహకుని హక్కు కాదు. అది ఇంటివారు చూపిన నమ్మకము. కొన్ని కుటుంబములు మతవిశ్వాసము వలన చిత్రములు వలదందురు. ఆ మాటను గౌరవింపవలెను. జనానాలో స్త్రీలే చిత్రములు తీయుట ఉత్తమము. దీన్‌దయాళ్ 1892లో గుర్తించిన ఈ అవసరము నేడు మన విద్యార్థినులకు గౌరవప్రదమైన ఉపాధి కాగలదు. అతిథులు చేతి ఫోనులతో తీసిన చిత్రములను ఇంటివారి అనుమతి లేకుండ నలుగురికి పంపుట తగదు. నికాహ్ జరుగు సమయమున ఫోనులను ప్రక్కన పెట్టుడని ఒక పెద్దమనిషి ముందుగా చెప్పిన చాలును. అపుడు చిత్రములో తెరలకు బదులు ముఖములు కనిపించును.

కొన్ని సూచనలు

1. నికాహ్‌ను పగటివేళ, వీలైనచో అసర్ తరువాత మసీదులోగాని, ఇంటి ముంగిటగాని జరుపవలెను.
2. ఒకే రంగు వెనుక తెర, ఒకే రకము దీపములు వాడవలెను.
3. విందునకు ఒక అన్నపు వంటకము, ఒక మీఠా చాలును.
4. వధూవరులను ఎత్తైన వేదికపై బంధింపక పెద్దల నడుమ కూర్చుండబెట్టవలెను.
5. చిత్రములో తప్పక ఉండవలసినవారి పేర్లను ముందురోజే వ్రాసి ఛాయాగ్రాహకునికి ఈయవలెను. అందులో మొదటి పేర్లు తల్లిదండ్రులవి కావలెను.
6. ఎంపిక చేసిన చిత్రములను కాగితముపై ముద్రింపించి భద్రపరచవలెను.

విద్యార్థి మిత్రులారా! మరికొన్ని సంవత్సరములలో మీ పెండ్లి మాటలు మీ ఇండ్లలో మొదలగును. అపుడు ఖర్చు నిర్ణయించువారు పెద్దలే యైనను, వలదని చెప్పగల శక్తి మీదే. వరుడు వినయముగా “నాకు జోడేకీ రఖం వద్దు, పెద్ద శాదీఖానా వద్దు” అన్నచో కాదనగల వారెవ్వరు? మన కళాశాల కమిటీ పెద్దలు కూడ సెలవు దినములలో కళాశాల ఆవరణమును నిరాడంబర వివాహములకు ఇచ్చుటను గూర్చి ఆలోచింపవలెనని మనవి. మన ఆవరణములోని చెట్ల నీడ, సాయంకాలపు వెలుగు ఏ అలంకరణకును తీసిపోవు. మీ పెండ్లి ఆల్బమ్‌ను తెరచినపుడు మొదటి పుటలోనే మీ తండ్రిగారు నిశ్చింతగా నవ్వుచు కనిపించవలెనని నా ఆకాంక్ష.