అగ్గిపుల్ల వెల

మనము దినదినము వాడుకొనుచు క్షణమైనను తలపోయని వస్తువులలో అగ్గిపుల్ల యొకటి. దీపము వెలిగినంతనే దానిని పాఱవైచెదము. అగ్గిపెట్టె లేని కాలమున గృహిణులు రాత్రివేళ పొయ్యిలోని నిప్పును నివురు గప్పి కాపాడుకొనుచుండిరి. అది చల్లారినచో పిడక చేతబట్టుకొని పొరుగింటికి నిప్పునకు పోవలసినదే. లేదా చెకుముకిరాతిని ఉక్కుముక్కతో గొట్టి, రాలిన రవ్వలతో దూదిని రాజబెట్టవలసినదే. వానకాలమున నీ పని యెంత శ్రమయో యూహింపుడు.

ఇంగ్లండు దేశమున స్టాక్టన్ పట్టణపు మందుల వర్తకుడగు జాన్ వాకరు 1826వ సంవత్సరమున, గరుకు కాగితముపై రాచినచో మండు పుల్లను కనిపెట్టెను. 1830లో ఫ్రాన్సు దేశీయుడగు షార్లు సోరియా పుల్లమందులో తెల్లభాస్వరమును చేర్చెను. పుల్ల సులభముగా వెలిగెను; కాని యా భాస్వరపు ఆవిరి పీల్చిన పనివారలకు దవడయెముక కుళ్లిపోవు ఘోరవ్యాధి సంభవించెను.

దీనికి విరుగుడు లేకపోలేదు. స్వీడను దేశమున గుస్టాఫ్ ఎరిక్ పాష్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1844లోనే అపాయము లేని మార్గమును చూపెను. నేటి మన పుల్ల ఆ విధమైనదే. పుల్ల కొనయందు పొటాసియము క్లోరేటు మున్నగు ద్రవ్యములును, పెట్టె ప్రక్కన ఎఱ్ఱభాస్వరమును గాజుపొడియు నుండును. రెండును రాచుకొన్నగాని మంట పుట్టదు. ఎఱ్ఱభాస్వరము పనివాని యెముకను తినదు.

అయినను తెల్లభాస్వరపు పుల్లలు చౌకగా దొరకుటచే జనులు వానినే కొనుచుండిరి. 1888లో లండను నగరమందలి బ్రయంటు అండ్ మే కర్మాగారపు స్త్రీలును బాలికలును, చాలని కూలిని, జరిమానాలను సహింపజాలక పని మానిరి. 1891లో రక్షణ సైన్యమువా రానగరముననే ఎఱ్ఱభాస్వరపు పుల్లల కర్మాగారము నెలకొల్పి, పనివారలకు హెచ్చు కూలి నొసంగిరి. తుదకు 1906లో బెర్ను నగరమున కొన్ని దేశములవారు కూడి, తెల్లభాస్వరపు పుల్లలను నిషేధించుచు ఒడంబడిక చేసికొనిరి. మార్గము తెలిసిన పిమ్మట అఱువదిరెండేండ్లు గడచెను!

ఈ కథ పరదేశమునకే చెందినది కాదు. మన దేశమున, తమిళనాడులోని శివకాశి అగ్గిపెట్టెలకు పేరొందినది. అచ్చట మీ యీడు పిల్లలు బడికి పోవలసిన వేళ పుల్లలు పేర్చుచు చిరకాలము గడపిరి. పదునాలుగేండ్లు నిండని వారిని కర్మాగారములలో నీ పనికి నియోగింపరాదని 1986లో చట్టమేర్పడెను.

కావున సౌకర్యమును మెచ్చుకొనుట యనగా "ఎంత సుఖము!" అని తలచుట మాత్రమే కాదు. ఆ సుఖము మన యింటికి వచ్చుటకు ఎవ్వరి చేతులు శ్రమించినవో, వారికి తగిన కూలియు ఆరోగ్యమును దక్కినవో లేదో విచారించుటయు నందు చేరియున్నది. మీరు కట్టుకొను బట్టను, వ్రాసికొను కాగితమును, త్రాగు తేనీటిని గూర్చియు నీ ప్రశ్న నడుగుడు. చౌక వస్తువును చూచినపుడు, మనమీయని తక్కిన వెల నెవ్వ రిచ్చిరో యని యొక్కమారు యోచింపుడు. అదియే నిజమైన కృతజ్ఞత.