గని భూతాలు పెట్టిన పేర్లు

టంగ్‌స్టన్ పరమాణు సంఖ్య 74, సంకేతం డబ్ల్యూ. జర్మన్‌లో దాని పేరు వోల్ఫ్రామ్ కావడమే కారణం. ‘టంగ్‌స్టన్’ మాత్రం స్వీడిష్ మాట, బరువైన రాయి అని అర్థం.

నికెల్ కథ ఇంకా గుర్తుండిపోతుంది. శాక్సనీ గనుల్లో అచ్చం రాగి ఖనిజంలా ఎర్రగా కనిపించే రాయి దొరికేది. ఎంత కరిగించినా రాగి రాదు. నికెల్ అనే కొంటె భూతం పనే ఇదని కార్మికులు దాన్ని ‘కుప్ఫర్‌నికెల్’ అన్నారు. కుప్ఫర్ అంటే రాగి. 1751లో స్వీడన్ శాస్త్రవేత్త ఆక్సెల్ క్రాన్‌స్టెట్ కొత్త లోహాన్ని కనుగొన్నాడు. భూతం పేరే దానికి స్థిరపడింది.

కోబాల్ట్‌కు మూలం ‘కోబోల్డ్’, అదీ గని పిశాచమే. ఆ ఖనిజాన్ని కాలిస్తే ఆర్సెనిక్ విషపు పొగ వచ్చేది, కార్మికుల భయం వట్టిది కాదు.