నగల షాపు పాంప్లెట్

1880ల్లో అమెరికాలో గడియారాల, నగల వ్యాపారులు రంగుల కార్డులు ఊరికే పంచేవారు. ఒకవైపు అందమైన బొమ్మ. రెండోవైపు సరుకు గొప్పలు. ఆడవాళ్లు, పిల్లలు వాటిని పుస్తకాల్లో అంటించి దాచుకునేవారు.

ఇప్పుడు హైటెక్ సిటీ దగ్గర మాదాపూర్, కొండాపూర్‌లలో కూడా నగల షాపులున్నాయి. పాంప్లెట్ చేతికొస్తే బొమ్మ చూసి మురిసిపోవద్దు. "తరుగులో సగం తగ్గింపు" అని ఉందా? అంటే తగ్గేది తరుగే. బంగారం ధర కాదు. కింద చిన్న అక్షరాలు కూడా చదవండి. ఏ నగకు తగ్గింపు? ఎన్నాళ్లు? మజూరి ఎంత? రాళ్ల బరువు తీసేశారా? అడగండి.

నగ మీద 916 అంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారం. అదే 22 క్యారెట్లు. పక్కన మూడు మూలల బి.ఐ.ఎస్. గుర్తు చూడండి. అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే నంబరు కూడా చూడండి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగకు ఈ నంబరు ఉండాలి. బిల్లు తప్పక తీసుకోండి.

అది ఇళ్లల్లో, ఆఫీసుల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బు. చదివాకే కొంగుముడి విప్పండి.