లైట్ వెలుగుతుంది, కంప్యూటర్ గుర్తుపట్టదు

గేమ్‌ప్యాడ్ కేబుల్ పెట్టగానే ప్యాడ్ మీద ఎర్ర లైట్ వెలుగుతుంది. తెర మీద మాత్రం ‘ఈ యూఎస్‌బీ పరికరాన్ని గుర్తించలేకపోతున్నాం’ అనే సందేశం వస్తుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గరి ఒక రిపేరు బెంచీ మీదికి ఇవాళ వచ్చిన ఫిర్యాదు ఇదే. తెచ్చింది ఇంజనీరింగ్ చదివే కుర్రాడు. ప్యాడ్ నాలుగైదు వందలకు దొరికే రకం, కేబుల్ దానికే అతికి ఉంది.

“అన్నా, మొన్నటిదాక మంచిగనే పనిచేసింది. లైట్ గూడ వస్తుంది” అంటాడు.

“కరెంటు వస్తే లైట్ ఎలుగుతది తమ్మీ. కంప్యూటర్‌తోని మాట్లాడుతుందా లేదా చూడాలె” అంటాడు టెక్నీషియన్.

పని మొత్తం ఆ మాటలోనే ఉంది. యూఎస్‌బీ కేబుల్ తొక్క ఒలిస్తే లోపల నాలుగు వైర్లు కనిపిస్తాయి. ఎరుపు 5 వోల్టుల కరెంటుది, నలుపు గ్రౌండ్. తెలుపు, ఆకుపచ్చ డేటా వైర్లు. తెలుపును డీ మైనస్ అనీ, ఆకుపచ్చను డీ ప్లస్ అనీ అంటారు. లైట్ వెలగడానికి మొదటి రెండూ చాలు. గుర్తుపట్టడానికి నాలుగూ కావాలి.

గుర్తుపట్టే పద్ధతి తెలిస్తేనే లోపాన్ని వెతకడం కుదురుతుంది. కంప్యూటర్ పోర్టు రెండు డేటా వైర్లనూ 15 కిలో ఓమ్‌ల రెసిస్టర్లతో గ్రౌండ్‌కు లాగి ఉంచుతుంది. ప్యాడ్ తగిలించగానే, దానిలోని 1.5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒక వైరును దాదాపు 3.3 వోల్టులకు పైకి లాగుతుంది. ఆకుపచ్చ వైరు లేస్తే సెకనుకు 12 మెగాబిట్ల వేగం, తెలుపు లేస్తే 1.5 మెగాబిట్ల వేగం. ఏదో వచ్చిందని అలా తెలుసుకున్న కంప్యూటర్ ‘నువ్వెవరు?’ అని అడుగుతుంది. ప్యాడ్ తన తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్య చెబుతుంది. ఈ పరిచయ తంతు పేరు ఎన్యూమరేషన్. అంతా బాగుంటే రెప్పపాటులో అయిపోతుంది.

టెక్నీషియన్ మొదట పోర్టు సంగతి తేలుస్తాడు. ఇందుకు రెండు నిమిషాలు. క్యాబినెట్ ముందున్న పోర్టులు లోపల మరో వైరు మీదుగా మదర్‌బోర్డును చేరతాయి. ఆ వైరు వదులైనా లక్షణాలు ఇవే. అందుకని మధ్యలో హబ్ గానీ ఎక్స్‌టెన్షన్ గానీ లేకుండా, వెనకవైపు మదర్‌బోర్డుకే ఉన్న పోర్టులో నేరుగా పెడతాడు. అదే సందేశం వస్తుంది. ప్యాడ్ తీసి అదే పోర్టులో మంచి మౌస్ పెడితే వెంటనే కదులుతుంది. పోర్టులో తప్పు లేదు. కేబుల్ విడిగా వచ్చే ప్యాడ్ అయితే ఈ దశలోనే ఇంకో కేబుల్ మార్చి చూస్తాడు. ఛార్జింగ్ కోసమే చేసిన కొన్ని కేబుళ్లలో డేటా వైర్లే ఉండవు.

తర్వాత విండోస్ ఏం రాసుకుందో చదువుతాడు. డివైస్ మేనేజర్ తెరిస్తే పసుపు త్రికోణం పక్కన ‘డివైస్ డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్’ అనీ, లోపలికి వెళితే కోడ్ 43 అనీ ఉంటుంది. హార్డ్‌వేర్ ఐడీలో తయారీదారు సంఖ్య 0000, ఉత్పత్తి సంఖ్య 0002. ఇవి ప్యాడ్ చెప్పినవి కావు. జవాబు రానప్పుడు విండోస్ తనంతట తాను వేసుకునే సంఖ్యలు.

ఈ వరుసను ఆయన చదివే తీరు చూడాలి. సందేశం వచ్చిందంటే ఏదో తగిలించారని కంప్యూటర్‌కు తెలిసింది. అంటే రెసిస్టర్ పైకి లాగిన వైరు దాకా దారి బాగుంది. ఇంత చవక ప్యాడ్లలో చాలావరకు 1.5 మెగాబిట్ల రకమే కాబట్టి ఆ వైరు తెలుపు. అదే తెగి ఉంటే సందేశం కాదు కదా, చప్పుడు కూడా ఉండేది కాదు. కాబట్టి ప్యాడ్‌లోనే లోపం ఉంటే మొదటి అనుమానం ఆకుపచ్చ మీదికి పోతుంది. స్క్రూడ్రైవర్ ముట్టకుండానే ఆయన ఇంతదూరం వస్తాడు.

అయినా సాఫ్ట్‌వేర్ వైపు తలుపు మూసేదాకా ప్యాడ్ విప్పడు. ఇది పది నిమిషాల పని. డివైస్ మేనేజర్ వ్యూ మెనూలో దాగిన పరికరాలను చూపమని అడిగి, ఆ ప్యాడ్ తాలూకు పాత ఎంట్రీలను అన్‌ఇన్‌స్టాల్ చేస్తాడు. పవర్ ఆప్షన్లలో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ను ఆపుతాడు. కరెంటు ఆదా కోసం వాడని పోర్టును నిద్రపుచ్చే ఏర్పాటు అది. కంప్యూటర్ ఆపి, గోడ స్విచ్ కూడా కట్టేసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పడతాడు. మదర్‌బోర్డులో మిగిలిన కరెంటు దిగిపోతుంది. తిరిగి ఆన్ చేసినా కోడ్ 43 పోదు. పక్క బెంచీ మీది ల్యాప్‌టాప్‌లో పెట్టినా ఇదే వరుస. ఇప్పుడు లోపం ప్యాడ్‌దేనని ఖాయం.

కేబుల్ ప్యాడ్‌లోకి దూరే చోట రబ్బరు మెడ ఉంటుంది. ఆ మెడను ఒకవైపుకు వంచి, అలాగే పట్టుకుని, ప్లగ్ తీసి మళ్లీ పెడతాడు. వంచిన ప్రతిసారీ తీసి పెట్టడానికి కారణం ఉంది. కొన్నిసార్లు అడిగి జవాబు రాకపోతే విండోస్ ఇక అడగడం మానేస్తుంది. తీసి పెడితేనే మళ్లీ మొదలుపెడుతుంది. ఎడమకు వంచితే లేదు, కుడికి లేదు. కిందికి వంచినప్పుడు పరికరం పేరు ఒక్క క్షణం కనిపించి మాయమవుతుంది. వైరు తెగింది మెడలోనే.

ఇప్పుడు ప్లగ్ పూర్తిగా తీసేసి, వెనక స్క్రూలు విప్పుతాడు. ట్రిగ్గర్ స్ప్రింగులు ఎగిరిపోకుండా ప్యాడ్‌ను బోర్లా ఉంచే పై పెంకు ఎత్తుతాడు. వైర్లు బోర్డుకు అతికిన చోటును ఫోన్‌తో ఫొటో తీసుకుంటాడు. మల్టీమీటర్‌ను కంటిన్యూటీ మీద పెడతాడు. దారి తెగకుండా ఉంటే అది బీప్‌మంటుంది. ఒక మొన ప్లగ్‌లోని పిన్ను మీద, ఇంకోటి బోర్డు మీది అతుకు మీద. ఒకటో పిన్ను ఎరుపు, బీప్. రెండోది తెలుపు, బీప్. నాలుగోది నలుపు, బీప్. మూడోది ఆకుపచ్చ, చప్పుడు లేదు. మెడ కిందికి వంచితే బీప్, వదిలితే నిశ్శబ్దం.

మెడ దాటాక రెండు అంగుళాల దగ్గర కేబుల్ కత్తిరిస్తాడు. పాత అతుకులను డీసోల్డరింగ్ విక్‌తో తుడిచేస్తాడు. కరిగిన సోల్డర్‌ను పీల్చుకునే రాగి అల్లిక అది. బయటి తొక్క ఒక అంగుళం, ఒక్కో వైరు తొక్క 3 మిల్లీమీటర్లు ఒలుస్తాడు. చవక కేబుళ్లలో రంగులు తారుమారై ఉండొచ్చని నాలుగింటినీ మళ్లీ మీటర్‌తో సరిచూస్తాడు. సోల్డరింగ్ ఐరన్ 350 డిగ్రీల సెల్సియస్ మీద ఉంది. 60/40 సోల్డర్ 190 డిగ్రీలకల్లా పూర్తిగా కరుగుతుంది. పై వేడి అంతా అతుకు త్వరగా పడడానికే. ముందు వైరు మొనలకు సోల్డర్ పూత, తర్వాత బోర్డు మీద అతుకు. ఒక్కో అతుకుకు రెండు సెకన్లు. అంతకన్నా ఉంచితే వైరు తొక్క కరిగి వెనక్కి ముడుచుకుంటుంది, బోర్డు మీది రాగి పొర లేచిపోతుంది. చల్లారిన అతుకు నున్నగా, మెరుస్తూ, వైరును హత్తుకుని ఉంది.

పాత రబ్బరు మెడ పోయింది కాబట్టి లాగుడు అతుకుల మీద పడకుండా ఏర్పాటు కావాలి. అతికే ముందే కేబుల్‌కు తొడిగి ఉంచిన రెండు పొరల హీట్ ష్రింక్ స్లీవ్‌ను వేడి గాలితో బిగిస్తాడు. లోపల ప్లాస్టిక్ స్తంభాల మధ్య మెలికలు తిప్పి, చిన్న కేబుల్ టై బిగిస్తాడు. కేబుల్‌ను ఎంత గుంజినా టై దగ్గరే ఆగుతుంది.

పెంకు మూయకముందే పరీక్ష. మొదట ఎరుపు, నలుపుల మధ్య మీటర్ బీప్ అనకూడదు. బీప్ వస్తే షార్ట్ ఉన్నట్టే, పోర్టుకు ప్రమాదం. బీప్ లేదు. ప్లగ్ పెడతాడు. బోర్డు మీద 4.9 వోల్టులు చూపిస్తుంది. డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం లేదు. తయారీదారు సంఖ్య 0079, ఉత్పత్తి సంఖ్య 0006. 0079 డ్రాగన్‌రైజ్ అనే కంపెనీకి చెందిన సంఖ్య, పేరులేని ప్యాడ్లలో తరచూ కనిపించేది. ఈసారి ప్యాడ్ తన సంఖ్యలు తానే చెప్పింది.

విండోస్ కీతో పాటు ఆర్ నొక్కి, జాయ్ డాట్ సీపీఎల్ అని ఇంగ్లిష్‌లో టైపు చేస్తే గేమ్ కంట్రోలర్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో ప్యాడ్ ప్రాపర్టీస్ తెరిచి ఒక్కో బటన్ నొక్కితే ఒక్కో అంకె వెలుగుతుంది. రెండు స్టిక్‌లనూ అంచుల వెంట గుండ్రంగా తిప్పి వదిలితే గుర్తు మధ్యకు రావాలి. వస్తుంది.

విండోస్ గుర్తుపట్టినా గేమ్ గుర్తుపట్టకపోవచ్చు. అది వేరే మెట్టు. పాత ప్యాడ్లు డైరెక్ట్‌ఇన్‌పుట్ పద్ధతిలో మాట్లాడతాయి. 2005లో ఎక్స్‌బాక్స్ 360తో ఎక్స్‌ఇన్‌పుట్ వచ్చింది, తర్వాతి గేముల్లో చాలా వాటికి అదొక్కటే అర్థమవుతుంది. కొన్ని ప్యాడ్లకు ఈ రెండింటి మధ్య మారే స్విచ్ ఉంటుంది. దీనికి లేదు. కుర్రాడి గేమ్ స్టీమ్‌లోది కాబట్టి, స్టీమ్ కంట్రోలర్ సెట్టింగుల్లో ఈ రకం ప్యాడ్లకు స్టీమ్ ఇన్‌పుట్ ఆన్ చేస్తాడు. అది ప్యాడ్ మాటలను గేముకు ఎక్స్‌ఇన్‌పుట్‌లోకి మార్చి చెబుతుంది. గేమ్ తెరిస్తే బొమ్మ కదులుతుంది.

స్క్రూలు బిగించడంతో ముప్పావు గంట అవుతుంది. సోల్డర్, స్లీవ్, టై కలిపి పది రూపాయలు దాటవు. బిల్లు రెండు వందలు, కొత్త ప్యాడ్ ధరలో సగానికి మించదు. ఆ డబ్బు నాలుగు అతుకులకు ఇచ్చింది కాదు. ఖర్చు లేని పరీక్షలన్నీ ముందు చేసి, ఒక్కో అనుమానాన్ని వరుసగా తీసేసి, కత్తెర ఎక్కడ పెట్టాలో తేల్చినందుకు ఇచ్చింది.

“ఆడినంక కేబుల్ ప్యాడ్‌కు చుట్టకు తమ్మీ” అని ప్యాడ్ చేతికిస్తాడు. “మెడ కాడ వంగి వంగి తెగేది గట్లనే. వదులుగ రింగులు చుట్టి పక్కన పెట్టు.”