విద్యార్థుల అంతర్జాల రేడియో

ప్రశ్న: మా విశ్వవిద్యాలయమున విద్యార్థులమే అంతర్జాల రేడియో నడుపదలచితిమి. మొదట దేనిపై శ్రద్ధ వహింపవలెను? – ఒక విద్యార్థిని, బౌషర్ (ఒమాన్)

జవాబు: అమ్మాయీ, యంత్రములకంటె ముందు సంస్థాధికారుల అనుమతియు, పాటల హక్కులును చూచుకొనుడు. 2004 ఫిబ్రవరి 1న చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయము ఆరంభించిన అన్నా ఎఫ్.ఎం. ప్రసారము పరిసర ప్రాంతములకే పరిమితము కాగా, అంతర్జాలమునకు ఆ ఎల్ల లేకపోయినను, శ్రోతలు పెరిగినకొలది సర్వరుపై భారము పెరుగును. 64 కిలోబిట్ల వేగమున ఒక్కొక్క శ్రోతకు గంటకు సుమారు 29 మెగాబైట్లు వ్యయమగును, మాటలకు ఆ వేగము చాలును. ఏసీ రొద మైకులో తుమ్మెదవలె జుమ్మనును గనుక, ధ్వనిముద్రణవేళ దానిని ఆపి, గోడకు దళసరి దుప్పటి వ్రేలాడదీయుడు. బౌషర్ ఎండలో కష్టమే, కాని పదేసి నిమిషముల తునకలుగా ముద్రించిన సహ్యమగును. పరీక్షల నెలలో రేడియో మూగవోరాదు. కొన్ని కార్యక్రమములు ముందే సిద్ధపరచుకొనుడు. అక్కడ రాత్రి 8 గంటలైనపుడు హైదరాబాదులో 9.30, ఇంటివారు వినవలెనన్న ఆ వేళ దాటనీయకుడు.