కంప్యూటరుకు ఆటో స్టార్టర్లు ఎన్ని కావాలి?

– తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి

మన సీమలో బోరు మోటారు వున్న రైతుకు ఆటో స్టార్టరంటే ఏమిటో చెప్పనవసరం లేదు. కరెంటు ఏ జామున వస్తుందో తెలియని రోజుల్లో, చీకట్లో చేనికి పోయి పచ్చ బటను నొక్కే బాధ తప్పించుకోవడానికి రైతులు దానిని తగిలించుకున్నారు. కరెంటు రాగానే మోటారు తనంతట తానే తిరుగుతుంది. సౌకర్యమే, కాదనను. కాని ఒకే ట్రాన్స్‌ఫార్మరు కింద వున్న మోటార్లన్నిటికీ అది వుంటే, కరెంటు వచ్చిన ఆ క్షణంలోనే అన్నీ ఒక్కుమ్మడిగా లేస్తాయి. మోటారు లేచేటప్పుడు మామూలుగా తీసుకునే కరెంటుకు కొన్ని రెట్లు ఎక్కువ లాగుతుందని మనం ఫిజిక్సులో చదువుకున్నదే. ట్రాన్స్‌ఫార్మరు కాలుతుంది. ఇదిగాక, తడి అవసరం లేని చేనికి కూడా నీళ్ళు పారుతూనే వుంటాయి. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలుపెట్టినప్పుడు, ఆటో స్టార్టర్లు తీసివేయండని అక్కడి ప్రభుత్వం రైతులను ప్రత్యేకంగా కోరవలసి వచ్చింది.

ఈ బావి కాడి సంగతి సావనీరులో ఎందుకని పాఠకులు అడగవచ్చు. లినక్సు కంప్యూటరులో సరిగ్గా ఇదే సమస్య వున్నది. స్విచ్చి వేయగానే మనం పిలవకుండానే లేచి, తెరవెనుక పనిచేసే ప్రోగ్రాములు పదులకొద్దీ వుంటాయి. వీటిని సర్వీసులంటారు. వీటిలో వేటికి ఆటో స్టార్టరు వుండాలి, వేటికి వుండకూడదు అన్నదే ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది.

ఇది కంప్యూటరు సైన్సు వాళ్ళ గొడవే గదా, మాకెందుకు అని బాటనీ మిత్రులు పేజీ తిప్పవద్దు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచిత మద్దతు సాధారణంగా ఆగిపోయింది. మన హాస్టలు గదుల్లో వున్న పాత యంత్రాలు చాలావరకు విండోస్ 11కు పనికిరావు. కొత్తది కొనే స్తోమత ఎంతమందికి వున్నది? అందుచేత మనలో చాలామంది ఇవాళ కాకపోతే రేపైనా లినక్సు ముఖం చూడవలసినవాళ్ళమే. మన తెలుగువాళ్ళలోనే ‘స్వేచ్ఛ’ వంటి సంస్థ తెలుగులో కనిపించే లినక్సును తయారుచేసింది. అయితే తెర ఏ భాషలో కనిపించినా, ఈ తెరవెనుక పనివాళ్ళ పేర్లు మాత్రం ఇంగ్లీషువే. అక్కడే మనవాళ్ళు బెదిరిపోతున్నారు.

ఈ పనివాళ్ళకు యూనిక్సు వాళ్ళు పెట్టిన పేరు ‘డీమన్’. ఇది భూతప్రేతాల మాట కాదు. 1867లో మాక్స్‌వెల్ ఒక ఊహ చేశాడు: రెండు గదుల మధ్య చిన్న తలుపు దగ్గర ఒక బుల్లి జీవి కూర్చుని, వేగంగా వచ్చే అణువులను ఒక వైపుకు, నెమ్మదిగా వచ్చేవాటిని రెండో వైపుకు పంపుతూ వుంటే ఏమవుతుంది అని. థర్మోడైనమిక్సు పాఠంలో మనకు ఎదురయ్యే జీవి అదే. 1963 ప్రాంతంలో ఎం.ఐ.టి.లో కంప్యూటర్లపై పనిచేసినవాళ్ళు, ఎవరికీ కనబడకుండా ఎడతెగక పనిచేసే ప్రోగ్రాములకు ఆ జీవి పేరే పెట్టుకున్నారు. ఆ జీవి కూడా ఊరికే పనిచేయదు. సమాచారాన్ని చెరిపినందుకైనా శక్తి ఖర్చు కావలసిందేనని 1961లో లాండవర్ చూపించాడు. కంప్యూటరు డీమన్లకూ ఖర్చు వున్నది, దాని లెక్కే కొంచెం వేరు.

ఇక విషయానికి వద్దాం. యంత్రం లేచినప్పుడు మొదట కెర్నలు లేస్తుంది. అది ఒకే ఒక్క ప్రోగ్రామును లేపుతుంది. ఆ ఒకటవ నెంబరు ప్రోగ్రాము మిగతావాళ్ళందరినీ లేపుతుంది. నేడు ఎక్కువ లినక్సులలో ఆ పని చేసేది ‘సిస్టమ్‌డీ’. 2010లో లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ అనేవాళ్ళు దీనిని మొదలుపెట్టారు. 2011లో ఫెడోరాలోకి, 2015లో డెబియన్‌లోకి ప్రధానంగా వచ్చింది. దీనితో మాట్లాడే ఆజ్ఞ పేరు ‘సిస్టమ్‌సీటీఎల్’. (ఆజ్ఞలను ఇంగ్లీషు అక్షరాలలోనే కొట్టాలి. చదువుకోవడానికి వీలుగా ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.)

అందరూ తికమకపడేది రెండు మాటల దగ్గర. ‘స్టార్ట్’ అంటే ఇప్పుడు పచ్చ బటను నొక్కడం. ‘ఎనేబుల్’ అంటే ఆటో స్టార్టరు తగిలించడం. స్టార్ట్ చేసినంత మాత్రాన రేపు అది తానుగా లేవదు. ఎనేబుల్ చేసినంత మాత్రాన ఈ క్షణాన తిరగదు. అట్లే ‘డిసేబుల్’ అంటే ఆటో స్టార్టరు ఊడబెరకడం మాత్రమే, అప్పటికే తిరుగుతున్న మోటారు తిరుగుతూనే వుంటుంది. దానిని ఆపడానికి ‘స్టాప్’ అని వేరే చెప్పాలి. వీటన్నిటికీ పైన ‘మాస్క్’ అని వున్నది. అది ఫ్యూజు పీకి జేబులో వేసుకోవడం వంటిది. ఎవరు పిలిచినా ఆ సర్వీసు లేవదు.

ఈ ఫ్యూజు పీకే అవసరం ఎందుకు వస్తుందంటే, ఒక సర్వీసు తనకు అవసరమైన ఇంకో సర్వీసును తానే పిలుచుకోగలదు. సాకెట్టు అనే ఏర్పాటు కూడా వున్నది. ఈ మధ్య మిస్డ్ కాల్ ఇస్తే లేచే మోటారు స్టార్టర్లు వచ్చినవి గదా, అచ్చం అదే. సర్వీసు నిద్రపోతూ వుంటుంది, దాని సాకెట్టు మాత్రం చెవి ఒగ్గి వుంటుంది, పిలుపు రాగానే లేపుతుంది. కాబట్టి సర్వీసును ఆపి సాకెట్టును వదిలేస్తే ఆపినట్లు కాదు. ‘ఫలానా సాకెట్టు దీనిని మళ్ళీ లేపగలదు’ అని యంత్రమే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను చదివే ఓపిక వుండాలి.

మా ఇంట్లో వున్నది పప్పుశెనగ అమ్మిన డబ్బుల్లోంచి కొన్న సెకండ్ హ్యాండ్ యంత్రం. నాలుగు జీబీల మెమరీ, పాత తిరిగే డిస్కు. సెలవుల్లో నేను, మిగతా రోజుల్లో ఇంటరు చదివే మా చెల్లెలు వాడుకుంటాము. ఇంటర్నెట్టు అంటే నాయన ఫోనులో రోజుకు వచ్చే ఒకటిన్నర జీబీయే. పొద్దున స్విచ్చి వేస్తే డిస్కు గిరగిరా తిరుగుతూ పదినిమిషాలైనా తెర కదిలేది కాదు. చెల్లెలి వీడియో పాఠం సగంలో వుండగానే డేటా అయిపోయేది. నాయన చూసి, “ఏమిరా, నువ్వు ఏమీ అడగకముందే అది యాడికి అంత పరుగు తీస్తాండాది?” అన్నాడు. ఇంతకంటే సరైన ప్రశ్న ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

‘సిస్టమ్‌డీ-అనలైజ్ బ్లేమ్’ అని అడిగితే, ఏ సర్వీసు లేవడానికి ఎన్ని సెకన్లు తీసుకున్నదో వరుసగా చెబుతుంది. బ్లేమ్ అంటే నింద వేయడమే గాని, ఈ పట్టికను చూసి వెంటనే నింద వేయరాదు. చాలా సర్వీసులు ఒకేసారి పక్కపక్కన లేస్తాయి కనుక సెకన్లను కూడితే లెక్క తప్పుతుంది. ఎవరి కోసం ఎవరు కాచుకున్నారో తెలియాలంటే ‘క్రిటికల్-చైన్’ అని అడగాలి. అక్కడ చాలా యంత్రాలలో బయటపడేది ‘నెట్‌వర్క్‌మేనేజర్-వెయిట్-ఆన్‌లైన్’. నెట్టు అందేదాకా మిగతావాళ్ళను నిలబెట్టడమే దాని పని. నెట్టు మీదుగా డిస్కులు తెచ్చుకునే ఆఫీసు యంత్రాలకు అది కావాలి, ఇంట్లో యంత్రానికి చాలావరకు అక్కరలేదు. దానిని తీసేయవచ్చు. పేరు దగ్గరగా వున్నదని నెట్‌వర్క్‌మేనేజర్‌నే తీసివేస్తే మాత్రం నెట్టే వుండదు.

ఇక డేటా తాగిన సంగతి. డెబియన్, ఉబుంటులలో ‘ఆప్ట్-డైలీ’ అని ఒక టైమరు వుంటుంది. వేళ ప్రకారం కొత్త ప్యాకేజీల పట్టిక తెచ్చుకుంటుంది. యంత్రం ఆపివుండగా వేళ దాటిపోతే, తర్వాత లేవగానే ఆ బాకీ తీర్చుకుంటుంది. రోజుకు ఒక గంట మాత్రమే వేసే పల్లె యంత్రంలో స్విచ్చి వేయగానే పరుగు అందుకే. దీనిని డిసేబుల్ చేయండని సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది వున్నారు. నేను ఒప్పుకోను. భద్రతా లోపాల మరమ్మతులు వచ్చేది ఆ దారినే. దానిని మూసివేస్తే రెండేళ్ళ తర్వాత ఆ యంత్రం చిల్లులు పడిన కుండ. ఫోను నెట్టును నెట్‌వర్క్‌మేనేజర్‌లో ‘మీటర్డ్’ అని గుర్తు పెడితే, తనంతట తాను ప్యాకేజీలు దించే పని ఆ నెట్టు మీద ఆగే ఏర్పాటు వున్నది. మేము అట్లే పెట్టి, యంత్రాన్ని కడపకు తెచ్చినప్పుడు హాస్టలు వైఫై మీద మరమ్మతులన్నీ ఒక్కసారే చేయిస్తున్నాము. చెల్లెలి డేటా చెల్లెలికే మిగులుతున్నది.

ల్యాబు ప్రాక్టికల్సు కోసం మై‌ఎస్క్యూఎల్, అపాచీ ఎక్కించుకున్న మిత్రులు చాలామంది వుంటారు. డెబియన్ కుటుంబంలో ఒక సర్వీసును ఎక్కించగానే ఆటో స్టార్టరు కూడా తగిలించి ఇస్తారు. ఫెడోరాలో సాధారణంగా మనమే తగిలించుకోవాలి. (ఈ విషయంలో నాకు ఫెడోరా పద్ధతే నచ్చింది.) వారానికి ఒక్క ప్రాక్టికలు కోసం డేటాబేసు సర్వరు రోజూ కొన్ని వందల మెగాబైట్లు పట్టుకుని కూర్చోవడం దేనికి? డిసేబుల్ చేసి, ప్రాక్టికలు రోజున స్టార్ట్ చేసి, అయిపోయాక స్టాప్ చేస్తే సరి. నాలుగు జీబీల యంత్రంలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితం కనబడేది ఇక్కడే. పాత డిస్కు వున్నవాళ్ళు ఫైళ్ళకు సూచిక తయారుచేసే ‘ట్రాకర్’, ‘బాలూ’లను కూడా చూసుకోవాలి. అవి వాడుకరి పేరున నడిచేవి కాబట్టి మామూలు పట్టికలో కనబడవు, ‘యూజర్’ అని చేర్చి అడగాలి.

కొన్నిటిని తీసేసినా ఒరిగేదేమీ లేదు. బ్లూటూత్ పరికరమే లేని యంత్రంలో బ్లూటూత్ సర్వీసు ఎనేబుల్ అని చూపించినా అది లేవదు. నిద్రపోయే డీమను ప్రాసెసరును ముట్టుకోదు. ‘ముప్పై సర్వీసులు చంపాను, యంత్రం రాకెట్టు అయింది’ అని చెప్పేవాళ్ళ మాటలను సగం తగ్గించి వినాలి. ‘మోడెమ్‌మేనేజర్’ సిమ్ము వేసే డాంగిల్ వాళ్ళకు కావాలి. ఫోనును వైరుతో కలిపి నెట్టు వాడేవాళ్ళకు అక్కరలేదు.

ఒక్కటి మాత్రం ఎన్నడూ తీయరాదని నా గట్టి అభిప్రాయం: ‘టైమ్‌సింక్‌డీ’. పాత యంత్రాలలో గడియారపు బ్యాటరీ చచ్చిపోయి వుంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఎన్నో ఏండ్లు వెనక్కి పోతుంది. తేదీ తప్పితే వెబ్‌సైట్ల భద్రతా పత్రాలు చెల్లవని బ్రౌజరు మొండికేస్తుంది. స్కాలర్‌షిప్పు ఫారం తెరుచుకోదు. నెట్టు తగిలీ తగలగానే గడియారాన్ని సరిచేసే ఈ చిన్న సర్వీసు కరెంటు కోతలుండే ఊళ్ళకు వరం.

వేగం కంటే ముఖ్యమైనది తలుపుల సంగతి. కొన్ని సర్వీసులు బయటివాళ్ళ కోసం తలుపు తెరిచి కాచుకొని వుంటాయి. ‘ఎస్ఎస్’ అనే ఆజ్ఞతో ఏ తలుపు ఎవరు తెరిచారో చూడవచ్చు. 127తో మొదలయ్యే చిరునామా అయితే అది ఇంటిలోపలి తలుపు. 0.0.0.0 అని వుంటే వీధి తలుపు. 2024 సెప్టెంబరులో ప్రింటర్లను వెదికే ‘కప్స్-బ్రౌజ్డ్’ అనే సర్వీసులో పెద్ద లోపం బయటపడింది. 631వ తలుపు నుండి ఎవరైనా దొంగ ప్రింటరును మన పట్టికలో చేర్చవచ్చు, మనం దానిమీద ప్రింటు కొట్టినప్పుడు వాళ్ళ ఆజ్ఞ మన యంత్రంలో నడుస్తుంది. ప్రింటరు మొహమే చూడని యంత్రాలలో కూడా ఈ సర్వీసు లేచి కూర్చుని వుండేది! హాస్టలు వైఫై మీద నూరుమంది వుంటారు. అందరూ మనవాళ్ళే, అయినా వీధి తలుపు వీధి తలుపే.

ఎస్ఎస్‌హెచ్ సర్వరు విషయమూ ఇంతే. మనం ఇంకో యంత్రంలోకి పోవడానికి ఆ సర్వరు అక్కరలేదు, ఇతరులు మన యంత్రంలోకి రావడానికే అది కావాలి. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన యంత్రంలో ఎస్ఎస్‌హెచ్ లాగిన్ సుమారు అర సెకను ఆలస్యమవుతున్నదని గమనించి, కారణం వెదుక్కుంటూ పోయాడు. ‘ఎక్స్‌జెడ్’ అనే ఫైళ్ళు కుదించే సాధనంలో ఎవరో కావాలని దొంగదారి పెట్టారని తేలింది. స్థిరమైన విడుదలలలోకి పోకముందే పట్టుబడింది. అర సెకనును పట్టించుకునే మనిషి ఒకడుండబట్టి సరిపోయింది. ఎస్ఎస్‌హెచ్ సర్వరే నడపని యంత్రానికి ఆ దొంగదారితో పనే లేదు.

తీసేటప్పుడు ఒకసారికి ఒక్కటే తీయాలి. మళ్ళీ స్విచ్చి వేసి, ఒక రోజు వాడి చూడాలి. డీబస్, జర్నల్‌డీ, లాగిన్‌డీ, యుదేవ్ – ఈ నలుగురి జోలికి పోరాదు. పేరు తెలియనిదానిని ‘స్టేటస్’ అని అడిగితే దాని పని ఒక వాక్యంలో చెబుతుంది. అప్పటికీ అర్థం కాకపోతే వుండనివ్వడమే మేలు. తీసినదాని పేరు, తేదీ ఒక కాగితం మీద రాసుకోవాలి. మా యంత్రం పక్కన అంటించిన కాగితంలో ఇప్పటికి పదకొండు పేర్లున్నాయి. వాటిలో కప్స్‌ను మొన్న ప్రాజెక్టు రికార్డు ప్రింటు కోసం లేపి, పని కాగానే మళ్ళీ పడుకోబెట్టాము.