తాబేలు పెట్టెలో అడుగున ఏం పరవాలి?

ప్రశ్న: మా అబ్బాయి పెంచుకునే సుల్కాటా తాబేలు పిల్లను చెక్కపెట్టెలో ఇసుక పోసి ఉంచాం. ఇసుక తీసేసి ఊక పోయమంటున్నారు కొందరు. ఏది మంచిది?
– ఒక పాఠకురాలు, సిద్దిపేట

జవాబు: రెండూ వద్దమ్మా. తాబేలు మేతతోపాటు అడుగున ఉన్నదీ మింగుతుంది. ఇసుక పేగుల్లో పేరుకుని అడ్డుపడొచ్చు. ఊక దుమ్ము కళ్లకు, ఊపిరితిత్తులకు పడదు. సామిల్లు పొట్టూ అంతే. అందులోనూ దేవదారు, పైన్ పొట్టయితే ఆ ఘాటు నూనెలతో మరీ చేటు.

మీ వైపు చెలకల్లో దొరికే ఎర్రమట్టి మేలు. పత్తి చేనుది మాత్రం తేవద్దు, పురుగుమందులుంటాయి. మందు పడని చోట తెచ్చి, రాళ్లు ఏరి, జల్లించి, రెండు పాళ్ల మట్టికి ఒక పాలు కడిగిన కొబ్బరి పొట్టు కలపండి. పిల్ల తవ్వుకుని దాక్కునేంత లోతు, అంటే దాదాపు జానెడు పోయండి. సుల్కాటాది ఎడారి అంచు ప్రాంతమే, కానీ ఎండ మండేటప్పుడు అది తేమగా ఉండే బొరియల్లో తలదాచుకుంటుంది. పిల్లప్పుడు పొడిగాలిలోనే పెరిగితే డిప్ప గుబ్బలు గుబ్బలుగా లేస్తుంది. మట్టి పిడికిట పడితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. మేత పలకరాయి మీద పెట్టండి.

ఇంకో సంగతి. డిప్ప మీద పసుపు నక్షత్రాలుంటే అది సుల్కాటా కాదు, మన నక్షత్ర తాబేలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి, ఇంట్లో ఉంచుకోవడమే నేరం. మీరే అడవిలో వదిలేయకుండా అటవీశాఖకు అప్పగించండి. సుల్కాటాయే అయినా కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి.